నెత్తురు చెప్పే లెక్క

బ్రెజిల్‌లో ఒంగోలు జాతి ఆవు ఒకటి నలభై కోట్ల రూపాయలు పలికిందన్న వార్తను తెలుగు పత్రికలు, టీవీలు, వాట్సాప్ గ్రూపులు పోటీలు పడి పంచుకున్నాయి. ఆ ఆవు పేరు వియాటినా-19. బరువు 1,101 కిలోలు. 2023లో దాని యాజమాన్యంలో మూడో వంతు వాటాను వేలం వేశారు. ఆ పాట లెక్కన మొత్తం ఆవు విలువ 43.8 లక్షల డాలర్లని తేలింది, గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. మన గడ్డ మీద పుట్టిన జాతి కదా అని జనం మురిసిపోయారు. మురవడంలో తప్పేమీ లేదు. అయితే అంత డబ్బు దేనికి పోశారన్న ప్రశ్న దగ్గర ఆగినవాళ్లు తక్కువ.

ఆ ధర ఆవు మాంసానికి కాదు, పాలకు అసలే కాదు. దాని అండాలకు. వాటి నుంచి పుట్టే దూడలు ఎంత తొందరగా ఎదుగుతాయో, ఎంత కండ పడతాయో ముందే చెప్పగలమన్న ధీమాకు. ఆ ధీమా వెనక తరతరాల తూకాలు, వంశావళి, ప్రయోగశాల ఫలితాలు ఉన్నాయి. ఇటీవలి కాలంలో రక్త పరీక్షలూ వచ్చి చేరాయి. దూడ మెడ నరం నుంచి నాలుగు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, అది పెద్దయ్యాక ఎన్ని కిలోలు తూగుతుందో, దాని మాంసం మెత్తగా ఉంటుందో పీచుగా ఉంటుందో చెప్పాలన్నది గత నలభై ఏళ్లుగా పశు శాస్త్రజ్ఞులు వెంటాడుతున్న కోరిక. అది ఎంతవరకు తీరిందో తెలుసుకోవడం మనకూ అవసరమే. ఎందుకంటే అలాంటి పరీక్షలను మన రైతుకు అమ్మజూపే రోజు ఎంతో దూరం లేదు.

ముందుచూపు కోసం పాకులాట సంతలో ఎప్పటి నుంచో ఉన్నదే. కోడెను కొనబోయే రైతు దాని మూతి పట్టి పళ్లు లెక్కపెడతాడు. గంగడోలు నిమురుతాడు, మూపురం మీద చెయ్యి వేసి చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఆ తర్వాత నుదుటి మీద, వీపు మీద సుడులు ఎక్కడెక్కడ పడ్డాయో వెతుకుతాడు. బేరం తువ్వాలు కింద వేళ్ల మీద నడుస్తుంది. ఇందులో పళ్లు నిజం చెబుతాయి: రెండు పళ్లా, నాలుగా, ఆరా అన్నదాన్ని బట్టి వయసు తెలుస్తుంది. సుడులు ఏమీ చెప్పవు. కానీ ఫలానా చోట సుడి ఉన్న కోడెకు ధర తగ్గుతుంది, మరో చోట ఉంటే పెరుగుతుంది. రక్త పరీక్షల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి. కొన్ని పళ్లలాంటివి, కొన్ని సుడుల్లాంటివి. ప్రయోగశాల కాగితం మీద అచ్చయ్యేసరికి రెండూ ఒకేలా కనిపించడమే అసలు చిక్కు.

అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టింది ఐజీఎఫ్-1 అనే హార్మోను. పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోను ప్రేరణతో కాలేయం దీన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. ఎముకలు, కండరాలు ఎదగడానికి అందే సంకేతాల్లో ఇది ముఖ్యమైనది. గ్రోత్ హార్మోను రక్తంలో గంటగంటకూ ఎగిరి పడుతుంటుంది కాబట్టి ఒక్కసారి సూది గుచ్చి చూస్తే ఏమీ తేలదు. ఐజీఎఫ్-1 అలా కాదు, రోజంతా దాదాపు నిలకడగా ఉంటుంది. కొలవడానికి అనువైనది, పైగా తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది. ఇంతకన్నా ఏం కావాలి?

అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 1989లో ఈ ఆశను పరీక్షకు పెట్టారు. ఆంగస్ అనే మాంసపు జాతి మంద ఒకదాన్ని రెండు పాయలుగా చీల్చారు. ఒక పాయలో రక్తంలో ఐజీఎఫ్-1 ఎక్కువ ఉన్న పశువులనే తరతరాలుగా ఎంచుకుంటూ వెళ్లారు, రెండో పాయలో తక్కువ ఉన్నవాటిని. ఈ హార్మోను స్థాయిలోని తేడాల్లో నలభై శాతం దాకా వంశపారంపర్యమేనని వారి లెక్కల్లో తేలింది. పశు ప్రజననంలో అది చిన్న అంకె కాదు. కానీ పశువు బరువుతో ఆ స్థాయికి ఉన్న ముడి మాత్రం అనుకున్నంత బిగువుగా కనిపించలేదు. ఐజీఎఫ్-1 ఎక్కువున్న దూడ ఎక్కువ ఎదుగుతుందన్న సులువైన ఊహ దగ్గరే కథ అడ్డం తిరిగింది.

ఆస్ట్రేలియా వాళ్లు ఇదే హార్మోనును మరో పనికి వాడబోయారు. అక్కడి పెంపకందార్ల బాధ బరువు కాదు, మేత ఖర్చు. ఒకే బరువున్న రెండు కోడెలు ఒకే వేగంతో పెరుగుతున్నా, ఒకటి రెండోదానికంటే రోజుకు కిలో రెండు కిలోలు ఎక్కువ మేస్తుంది. తక్కువ తిని అంతే పెరిగేవాటిని పట్టుకుంటే లాభం. వాటిని గుర్తించాలంటే ఒక్కొక్క పశువు తిన్న మేతను డెబ్బై రోజుల పాటు విడిగా తూచాలి. అంతకు ముందు కొత్త చోటికి, కొత్త మేతకు అలవాటు పడడానికి మూడు వారాలు. దానికి కావాల్సిన తొట్లు, యంత్రాలు, మనుషుల ఖర్చు సామాన్యం కాదు. అలాంటప్పుడు పాలు మాన్పించే వయసులో దూడ నెత్తురు చుక్కను వడపోత కాగితం మీద ఆరబెట్టి పంపితే చాలు, మేత పొదుపు సంగతి చెప్పేస్తామంటే ఎవరు కాదంటారు? 2000 తర్వాత తొలి ఏళ్లలో వచ్చిన ఫలితాలు కూడా ఊరించాయి. ఐజీఎఫ్-1 తక్కువ ఉన్న దూడలే మేత పొదుపు చేసే వంశాలవని తేలింది. పరీక్ష మార్కెట్లోకి వచ్చింది, ఆంగస్ ఆబోతుల ప్రజనన విలువ లెక్కల్లోకీ ఎక్కింది.

తర్వాత మరిన్ని పశువుల లెక్కలు పోగయ్యాయి. దూడ ఎదిగే వయసులో ఒక రకంగా, ఫీడ్‌లాట్‌లో ధాన్యం మేసి కొవ్వు పట్టే వయసులో మరో రకంగా ఉంది వ్యవహారం. మొదట గట్టిగా కనిపించిన ముడి సన్నబడింది. ఫీడ్‌లాట్ దశకు వచ్చేసరికి నమ్మదగ్గ సంబంధమే మిగల్లేదు. పరీక్ష తప్పు కాదు. కొలిచిన అంకె నిజమే. ఆ అంకెకు తగిలించిన జోస్యమే నిలవలేదు.

ఎందుకు నిలవలేదో ఆలోచిస్తే ఇందులోని కిటుకంతా అర్థమవుతుంది. రక్తం ఆ ఘడియలో శరీరం ఏ స్థితిలో ఉందో చెబుతుంది. నిన్న మేత చాలకపోతే ఐజీఎఫ్-1 పడిపోతుంది. నట్టల మందు తాగించకపోయినా, జ్వరం తగిలినా, తల్లి నుంచి విడదీసిన బెంగ ఉన్నా అంకె మారుతుంది. పేద మేత మీద పెరిగిన మంచి వంశపు దూడ, దాణా మీద పెరిగిన మామూలు దూడ పక్కపక్కన నిలబడితే రక్తం రెండోదానికే మొగ్గు చూపవచ్చు. వంశాన్ని, మేతను విడదీసి చూడాలంటే ఒకే చోట, ఒకే మేత మీద, ఒకే వయసున్న దూడలు వందల సంఖ్యలో ఉండాలి. ఆ ఏర్పాటు లేనిచోట అంకె ఎంత కచ్చితంగా కొలిచినా సుడి కిందే లెక్క.

జపాన్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ రక్త పరీక్షను జోస్యానికి కాక కాపలాకు వాడతారు, అందుకే అది పనిచేస్తోంది.

జపాన్ నల్ల పశువుల మాంసం, లోకం వాగ్యూ అని పిలిచేది, దాని ధర అంతా కండ పోగుల మధ్య అల్లుకున్న సన్నటి తెల్ల కొవ్వు గీతల మీద ఆధారపడి ఉంటుంది. దీన్నే మార్బ్లింగ్ అంటారు. కళేబరాన్ని ఆరో పక్కటెముకకు, ఏడో పక్కటెముకకు మధ్య కోసి, ఆ కోతలో కనిపించే గీతలకు 1 నుంచి 12 దాకా అంకె వేస్తారు. 8 గానీ ఆపైన గానీ వస్తేనే మార్బ్లింగ్‌లో అత్యున్నత తరగతి. తొమ్మిది నెలల ప్రాయంలో సంతలో కొన్న దూడను దాదాపు ముప్ఫై నెలలు వచ్చేదాకా మేపే రైతుకు ఆ ఒక్క అంకె మీదే జీవితం. ఒక మెట్టు తగ్గితే లక్షల యెన్‌లు పోతాయి.

విటమిన్ ఎ ఈ గీతలకు అడ్డుపడుతుందని అక్కడివాళ్లు కనిపెట్టారు. ఈ విటమిన్ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం, కొవ్వు కణాలుగా మారబోయే లేత కణాలను ఆ దారిన పోనివ్వదు. అందుకని పదిహేను నెలల వయసు దగ్గర నుంచి కొన్ని నెలల పాటు పచ్చగడ్డి మాన్పించి, కెరోటిన్ పెద్దగా లేని వరిగడ్డి, బార్లీ వంటివి పెట్టి రక్తంలో విటమిన్‌ను కిందికి దించుతారు. హ్యోగో ప్రాంతపు పరిశోధకులు 1998లో తాజిమా వంశపు పశువుల మీద ప్రచురించిన అధ్యయనంలో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. లేత వయసులో విటమిన్ ఇస్తే మార్బ్లింగ్ తగ్గింది. బాగా ముదిరాక ఇస్తే ఏ మార్పూ లేదు. అంటే ఒకే అంకెకు పదిహేనో నెలలో ఉన్న అర్థం ఇరవై మూడో నెలలో లేదు.

ఈ ఆట ప్రమాదకరమైనది. విటమిన్ మరీ తగ్గితే పశువు మేత మానేస్తుంది, కీళ్లు వాస్తాయి, కండల్లో నీరు చేరి మాంసమే పాడవుతుంది, చూపు పోతుంది. డెసిలీటరు రక్తంలో 30 యూనిట్ల కంటే దిగితే ముప్పు ముంగిట్లోకి వచ్చినట్టే. కాబట్టి రైతు మధ్యమధ్య నెత్తురు తీయించి చూసుకోవాలి. ముప్ఫైకి పైన, మామూలు స్థాయికి కింద, ఆ ఇరుకు దారిలో పశువును నెలల తరబడి నడిపించాలి. క్యోటో విశ్వవిద్యాలయం ఇంజనీర్లు సూది కూడా అక్కర్లేకుండా చేయబోయారు: నీళ్లు తాగడానికి తొట్టి దగ్గరికి వచ్చిన పశువు కంటిపాపను కెమెరాతో పట్టి, దాని రంగును, వెలుతురుకు ముడుచుకునే తీరును బట్టి విటమిన్ స్థాయిని అంచనా కట్టే పద్ధతిని రూపొందించారు. విటమిన్ ఎ తగ్గితే మొదట దెబ్బతినేది కన్ను కదా.

జంతువును గుడ్డితనం అంచుదాకా తీసుకెళ్లి మాంసానికి గీతలు తెప్పించడం న్యాయమేనా అన్న ప్రశ్న జపాన్‌లోనూ ఉంది, బయటా ఉంది. న్యాయం కాదనే చెప్పాలి. తినేవాడి నాలుక సుఖానికి ఓ మూగజీవి చూపును పణంగా పెట్టడాన్ని శాస్త్రం పేరుతో సమర్థించలేం. కానీ రక్త పరీక్ష వరకు చూస్తే, దాన్ని ఎలా వాడాలో జపాన్ రైతు చూపించాడు. అతను రక్తాన్ని భవిష్యత్తు అడగలేదు, ఇవాళ పశువు ఎలా ఉందని అడిగాడు. సరైన జవాబు వచ్చింది.

మిగతా కొలతల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. కొవ్వు కణాలు విడుదల చేసే లెప్టిన్ హార్మోను పశువు ఒంట్లో కొవ్వు ఎంతుందో చెబుతుంది, నిజమే. కోతకు దగ్గరపడ్డ పశువులో అది మార్బ్లింగ్‌తో కొంత సరిపోలుతుంది కూడా. అయితే అదే సంగతిని పక్కటెముకల మీద అల్ట్రాసౌండ్ పెట్టి కళ్లారా చూడొచ్చు. రక్తంలో యూరియా చూస్తే మేతలో మాంసకృత్తులు ఎక్కువయ్యాయో, వృథా అవుతున్నాయో తెలుస్తుంది. అది మేపేవాడికి పనికొచ్చే కొలత, వంశం ఎంచుకునేవాడికి కాదు.

కార్టిసాల్, లాక్టేట్‌ల దగ్గర కాస్త ఆగాలి. ఇవి బెదురు, అలసట చెప్పే కొలతలు. కోతకు ముందు పశువు బెదిరి, పెనుగులాడి కండల్లోని గ్లైకోజెన్‌ను ఖర్చు చేసేస్తే, చనిపోయాక మాంసంలో ఆమ్లం తగినంత తయారవదు. మామూలుగా పీహెచ్ 5.5 దగ్గరికి దిగాలి. అలా దిగకపోతే మాంసం ముదురు రంగుకు తిరుగుతుంది, జిగురుగా ఉంటుంది, త్వరగా చెడుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు, పశువుల నడవడి నిపుణురాలు టెంపుల్ గ్రాండిన్ కూడా పాల్గొన్న 1997 నాటి పరిశీలనల్లో, బెదురుగొడ్లు నెమ్మదస్తుల కంటే తక్కువ బరువు పెరిగాయని, మూపురం జాతి రక్తం కలిసిన పశువుల్లో బెదురువాటి మాంసం గట్టిగా ఉందని చూపించారు. వాళ్లకు అది తెలిసింది నెత్తురు తీసి కాదు. తూకం బోనులో నిలబెట్టినప్పుడు పశువు ఎలా ప్రవర్తిస్తుందో చూసి. ఇందులో ఓ హాస్యం కూడా ఉంది. బెదురు కొలవడానికి సూది గుచ్చితే, ఆ సూదికే పశువు బెదురుతుంది.

ఇక రక్తంలోని డీఎన్ఏ. హార్మోను పూటపూటకూ మారుతుంది, డీఎన్ఏ మారదు. దూడ పుట్టిన రోజున తీసినా, పదేళ్లకు తీసినా ఒకటే. కనుక జోస్యం చెప్పగలిగితే ఇదే చెప్పగలగాలి. కానీ ఇక్కడా మొదట తొందరపాటే జరిగింది. ఒక్క జన్యువులోని ఒక్క అక్షరం తేడాను పట్టుకుని, ఇది ఉంటే మార్బ్లింగ్ బాగుంటుందని చెబుతూ 2000 ప్రాంతంలో పరీక్షలు అమ్మకానికి వచ్చాయి. అమెరికాలో స్వతంత్ర పరిశోధకులు ఆ పరీక్షలను వేరే మందల మీద పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. మాంసం మెత్తదనం చెప్పే పరీక్షలు నిలబడ్డాయి. మార్బ్లింగ్ పరీక్షకు ఆ పాటి మద్దతు దొరకలేదు. రెండిటికీ మధ్య తేడాకు కారణం ఉంది. మెత్తదనంలో కాల్పెయిన్ అనే ఎంజైము, దాన్ని ఆపే కాల్పాస్టాటిన్ ప్రధాన పాత్రధారులు. కోత తర్వాత కండపోగులను విడగొట్టే పని కాల్పెయిన్‌ది, ఆ పనిని అడ్డుకునేది కాల్పాస్టాటిన్. పాత్రధారులు కొద్దిమందే అయితే పట్టుకోవడం తేలిక. మార్బ్లింగ్ వందల జన్యువుల ఉమ్మడి వ్యవహారం.

ఆ వందల జన్యువుల లెక్కను ఒకేసారి వేయొచ్చని 2001లో మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు గణితంలో చూపించారు. 2009లో హెర్‌ఫర్డ్ ఆవు పూర్తి జన్యుపటం వెలువడింది. యాభై నాలుగు వేల జన్యు గుర్తులను ఒకేసారి చదివే చిప్‌లు అప్పటికే చేతికొచ్చాయి. ఇప్పుడు అమెరికా ఆంగస్ సంఘం దగ్గర జన్యు వివరాలు నమోదైన పశువుల సంఖ్య పది లక్షలు దాటింది. వాటిలో బోలెడన్నిటికి పుట్టిన బరువు, పాలు మాన్పించినప్పటి బరువు, ఏడాది బరువు, అల్ట్రాసౌండ్ కొలతలు కూడా ఉన్నాయి. ఆ భాండాగారం ఉంది కాబట్టే నిన్న పుట్టిన ఆంగస్ దూడ నెత్తురు చుక్కకు విలువ. అదే చుక్కను ఒంగోలు గిత్త నుంచి తీసి ఆంగస్ లెక్కలతో పోల్చితే వచ్చే జవాబు ఎందుకూ కొరగాదు. ఒక జాతి లెక్క మరో జాతికి అతకదు.

బ్రెజిల్ ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది. 1960ల మొదట్లో మన కోస్తా నుంచి వెళ్లిన చివరి పెద్ద విడత ఒంగోలు పశువుల్లో కార్వాడీ అనే ఆబోతు ఉంది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే దానికి పెట్టుకున్నారు. నెలోర్ అని వాళ్లు పిలుచుకునే మన జాతి ఇవాళ బ్రెజిల్ మాంసం ఎగుమతులకు వెన్నెముక. ఆ దేశంలోని ఇరవై కోట్లకు పైబడిన పశువుల్లో అత్యధిక భాగం ఈ రక్తం కలిసినవే. ఎండకు, పిడుదులకు, పేద మేతకు తట్టుకుంటుంది. దాని బలహీనత మాంసం గట్టిదనం. మూపురం ఉన్న జాతుల కండల్లో కాల్పాస్టాటిన్ ఎక్కువ, అందుకని కోత తర్వాత పోగులు సులువుగా విడిపోవు. బ్రెజిల్ వాళ్లు ఇది దాచిపెట్టుకోలేదు. సావో పావ్‌లో రాష్ట్రంలోని సెర్టాంవ్‌జిన్యోలో ప్రభుత్వ పరిశోధన కేంద్రం 1970ల చివరి నుంచి నెలోర్ మందలను ఏడాది బరువు ప్రకారం ఎంచుకుంటూ, పోలిక కోసం ఒక మందను పక్కన ఉంచుకుని, ప్రతి తరాన్నీ తూస్తూ వస్తోంది. నలభై ఏళ్లకు పైబడిన తూకాలు. వియాటినా ధర వెనక ఉన్న ధీమాకు పునాది ఇలాంటి చోటే పడింది.

మనం పశువును ఇచ్చాం. దానితో పాటు ఇవ్వడానికి మన దగ్గర తూకాల పుస్తకం లేదు. ఇవాళ కూడా పెద్దగా లేదు.

గొడ్డుమాంసం మాట ఎత్తితే ఇక్కడ చర్చ ఎటు పోతుందో అందరికీ తెలిసిందే. ఉమ్మడి రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం 1977 నాటిది. ఒంగోలు గిత్త మనకు దుక్కికి, బండికి, బలప్రదర్శన పోటీలకు పెంచిన పశువు. దాన్ని మాంసం కోసం ఎంపిక చేయమని ఎవరూ అడగబోవడం లేదు. కానీ వేగంగా ఎదిగే దూడ, తక్కువ మేతతో గడుపుకొచ్చే దూడ దుక్కి రైతుకూ కావాలి, పాడి రైతుకూ కావాలి. ఇక గొర్రెల సంగతి చూస్తే మాంసానికే పెంచుతున్నాం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలోనే మొదటి స్థానం. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. రెండు రాష్ట్రాలూ కలిపితే గొర్రెలు మూడున్నర కోట్లు దాటుతాయి. వాటిలో పుట్టిన బరువు, మూడు నెలల బరువు రాసి ఉంచినవి ఎన్ని? పలమనేరు వంటి పరిశోధన కేంద్రాల్లో నెల్లూరు గొర్రెల లెక్కలు పద్ధతిగా రాస్తారు. ఆ ఫారాల కంచె దాటితే అంతా కంటిచూపు, చేతి అంచనా.

పరికరాలకు మాత్రం కొదవ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ 2021 ఆగస్టులో ఇండిగావ్ అనే చిప్‌ను విడుదల చేసింది. గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు వంటి దేశీ జాతుల కోసం 11,496 జన్యు గుర్తులతో తయారైనది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఆవులకు గౌ చిప్‌ను, గేదెలకు మహిష్ చిప్‌ను ఆవిష్కరించారు. ఇవి గర్వించదగ్గ పనులే. విదేశీ చిప్‌ల మీద మన జాతుల తేడాలు సరిగా కనిపించవు కనుక ఇవి అవసరం కూడా. కానీ చిప్ చదివేది అక్షరాలను మాత్రమే. ఆ అక్షరాలకు అర్థం చెప్పేది తూకం. వేల పశువుల తూకాలు, మేత వివరాలు, తల్లీ తండ్రీ ఎవరన్న నమోదు లేకపోతే చిప్ పదకొండు వేల గుర్తులు చదివి ఊరుకుంటుంది.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. డెబ్బై ఐదు శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. లక్షల గొర్రెలు పొరుగు రాష్ట్రాల నుంచి లారీలెక్కి వచ్చాయి. చెవులకు పోగులు వేశారు, బీమా చేశారు, ఫొటోలు తీశారు. ప్రతి యూనిట్‌లో ఆ ఒక్క పొట్టేలు నెత్తురు రెండు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి దాచి, వాటి పిల్లల్లో పదో వంతును మూడో నెలలో తూచి ఉంటే, నెల్లూరు, దక్కనీ జాతుల మీద దేశంలో మరెక్కడా లేనంత సమాచారం ఈపాటికి చేతిలో ఉండేది. పథకం మీద వచ్చిన విమర్శలన్నీ డబ్బు ఎటుపోయిందన్న దాని చుట్టూ తిరిగాయి, అది అడగాల్సిందే. జారిపోయిన ఈ సమాచారం గురించి మాత్రం ఎవరూ గొంతెత్తలేదు.

మరో అడ్డంకి బజారు. జపాన్ రైతు నెత్తురు తీయిస్తాడంటే, గీత ఒకటి పెరిగితే అతనికి డబ్బు పెరుగుతుంది. మన మాంసం దుకాణంలో లేత పొట్టేలుకూ ముదురు గొర్రెకూ కిలో ధర ఒకటే. కొనేవాడు కళ్లతో చూసి, దుకాణదారు మాట నమ్మి, తొడ ముక్క అడిగి తెచ్చుకుంటాడు. సంతలో అమ్మే కాపరికి జీవాల లెక్కన బేరం, కిలోల లెక్కన కాదు. పిల్ల రెండు కిలోలు ఎక్కువ తూగినా ఆ రెండు కిలోల డబ్బు దళారి జేబులోకే పోతుంది. అలాంటప్పుడు రక్త పరీక్షకు కాపరి రూపాయి ఎందుకు పెడతాడు? నాణ్యతకు తరగతులు ఎలా కట్టాలో చెప్పగల జాతీయ మాంస పరిశోధన సంస్థ హైదరాబాద్ శివార్లలో చెంగిచెర్లలోనే ఉంది. దాని మాట సంత దాకా, దుకాణం దాకా రావాలి.

అందువల్ల రేపు ఎవరైనా రంగు కరపత్రంతో ఊళ్లోకి వచ్చి, మీ దూడ నెత్తురు చూసి ఎంత పెరుగుతుందో చెబుతామంటే రైతు రెండు ప్రశ్నలు వేయాలి. ఈ లెక్క ఏ జాతి పశువుల మీద కట్టారు? ఎన్నిటిని నిజంగా తూచి సరిచూశారు? ఆంగస్ మీద, హోల్‌స్టీన్ మీద అని జవాబు వస్తే మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేయొచ్చు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువుంది, పొట్టలో పురుగులున్నాయేమో చూడండి అనో, ఖనిజాలు చాలడం లేదు అనో చెప్పే పరీక్షలు వేరు. అవి ఇవాళ్టి సంగతి చెబుతాయి, ఇవాళే పనికొస్తాయి. పశువైద్యశాలల్లో అవి ఇప్పుడున్న దానికంటే పదింతలు జరగాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది ఖరీదైనదేమీ కాదు. గుంటూరు దగ్గర లాం ఫారంలో, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రంలో ఉన్న ఒంగోలు మందలకు ఇప్పటికే రికార్డులున్నాయి. ఆ ఆబోతుల వీర్యం వాడిన ఊళ్లలో పుట్టిన దూడలను కూడా ఆ రికార్డులో కలపాలి. పశువుల చెవులకు పన్నెండంకెల పోగు ఎలాగూ వేస్తున్నారు. ఆ అంకె పక్కన ప్రస్తుతం టీకాలు, చూడి వివరాలు చేరుతున్నాయి. బరువుకు కూడా ఒక గడి ఉండాలి. తూకం యంత్రం లేని ఊళ్లో ఛాతీ చుట్టుకొలత టేపు చాలు, బరువు అంచనాకు అదీ పనికొస్తుంది. గొర్రెల సంతలన్నిట్లో తూకం బోను పెట్టి, కిలోల లెక్కన బేరం తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా ఎత్తి పెట్టుకోవడానికి వెయ్యి పొట్టేళ్ల నెత్తురు చుక్కలు కాగితాల మీద ఆరబెట్టి భద్రపరిస్తే అయ్యే ఖర్చు ఓ మోస్తరు ప్రారంభోత్సవ సభ ఖర్చు కూడా కాదు.